కంప పెట్టి పోయిన ఇళ్లు

తెర మీద ఆ పేరు కనబడినప్పుడు నా వేలు ఎంటర్ మీద ఉంది. కింది వరుసలో ‘ప్యాక్’ అని నేను కొట్టిన మాట. దాని పైన, ఆ వేలు నొక్కగానే శాశ్వతంగా పోబోయే పేర్లు, ఒక్కొక్క పేరు ముందు ఒక్కొక్క నక్షత్రం గుర్తు. వాటిలో ఒక నక్షత్రం పక్కన పెద్దకడుబూరు, ఒక తండ్రి పేరు, ఒక ఆడపిల్ల పేరు ఉన్నాయి. ఆ మూడింటినీ అదే రోజు పొద్దున నేనే ఎక్కించాను, కొత్త పాప అనుకుని.

వరుస చివర రిమార్కు గడిలో ఇంగ్లీషులో ఉంది: ట్రిపుల్ సూది తర్వాత ఫిట్స్ వచ్చింది, మళ్లీ వేయరాదు.

వేలు తీసి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. పొద్దున నేను ఎక్కించిన వరుసలో ఆ గడి ఖాళీగా ఉంది. ఆ పాపకు ఇదే మొదటి సూది అని ఉంది. ఆ కాగితం అప్పటికే అచ్చయి, నర్సు సిస్టరమ్మ సంచిలో ఉంది. మధ్యాహ్నం మూడింటికి జీపు పెద్దకడుబూరుకు పోతుంది. సాయంత్రం, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకు, బడి వరండాలో సూదులు వేస్తారు.

ఎనభైల చివరి మాట ఇది. ఆదోనిలో పసిపిల్లల ఆరోగ్యం చూసే ఒక చిన్న సంస్థలో నేను కంప్యూటరు పని చేసేదాన్ని. మా ఇల్లు ఎమ్మిగనూరులో. పొద్దున్నే బస్సెక్కి పనికి పోయి, సాయంత్రానికి మళ్లీ ఇల్లు చేరేదాన్ని. బి.ఎస్సీ. అయ్యాక బళ్లారిలో మా పిన్ని ఇంట్లో ఉండి కంప్యూటరు కోర్సు చేశాను. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఆ సర్టిఫికెట్టు బీరువాలో చీరల కింద ఉందని గుర్తు చేసింది మా అత్తే. “సదువుకున్నది మడత పెట్టి పెడితే పురుగు పడుతాదమ్మా. పిల్లోళ్లను నేను సూసుకుంటా, పో” అంది. ఆమె మగ్గం నేసిన మనిషి. పని లేకుండా కూర్చున్న చేతులంటే ఆమెకు గిట్టదు.

సంస్థకు ఆ కంప్యూటరు ఎవరో విదేశీయులు ఇచ్చారట. దానికోసం ఒక గది, కూలరు, గుమ్మం బయట చెప్పులు విడిచే పలక ఉండేవి. ఆదోనిలో జిన్నింగు మిల్లులు ఆడే నెలల్లో గాలిలో దూది తేలుతుంది. కిటికీ అంచు మీద, జడలో, టీ గ్లాసులో కూడా దూదే. అది లోపలికి పోకుండా మా అత్త నేసిన దుప్పటి ఒకటి తెచ్చి యంత్రం మీద కప్పేదాన్ని. జీపు నడిపే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. ఆయన రోజూ గుమ్మంలో నిలబడి అడిగేవాడు: “బేటీ, మీ పెళ్లికూతురు ముసుగు తీసిందా లేదా?”

కంప్యూటరు అవసరం ఎందుకు పడిందంటే సుగ్గి వల్ల. మా పడమటి ఊళ్లలో పంట చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే మూటలు కట్టుకుని సుగ్గికి పోతాయి. తుంగభద్ర అవతలి పొలాలకు, పత్తి తీసే చోటికి, మిరపకాయలు కోసే చోటికి. నెలల తరబడి అక్కడే గుడిసెలు వేసుకుని ఉండి ఉగాది ముందు వెనకలుగా వస్తారు. చంటిబిడ్డలకు ఇచ్చిన సూదుల కార్డులు ఆ మూటల్లో నలిగి, తడిసి, ఎక్కడో పోతాయి. ఏ బిడ్డకు ఏ సూది పడిందో గుర్తుండే చోటు ఇంకెక్కడా లేదు, మా గదిలో తప్ప.

లోపల రెండు పట్టికలు ఉండేవి. ఒకదానిలో పిల్లలు: ఊరు, తండ్రి, తల్లి, బిడ్డ పేరు, ఒక నంబరు. రెండోదానిలో సూదులు: నంబరు, తేదీ, ఏ సూది. బిడ్డకూ సూదికీ మధ్య ఆ నంబరే బంధం. ఇవి కాక ఇండెక్సులు. ఫలానా ఊళ్లో ఫలానా తండ్రి బిడ్డ ఎక్కడుందో మొత్తం వెతక్కుండా నేరుగా చూపించే ఫైళ్లు అవి.

నాకంటే ముందు పనిచేసినతను ఒక పద్ధతి పెట్టిపోయాడు. ఏ ఇంటివాళ్లయినా సుగ్గికి పోయారని సిస్టరమ్మ చెప్పగానే ఆ బిడ్డ పేరును డిలీట్ చేసేవాడు. లేకపోతే సూదికి రాని పిల్లల సంఖ్య పెరిగి పై వాళ్లు అడుగుతారు. తిరిగి వచ్చాక కొత్తగా ఎక్కించేవాడు, కొత్త నంబరుతో. నేనూ అదే నేర్చుకున్నాను. తప్పని అప్పటికి ఎవరికీ తోచలేదు. ఊళ్లో లేనివాళ్లు పట్టికలో ఎందుకు?

కానీ ఆ ప్రోగ్రాములో డిలీట్ అంటే చెరిపేయడం కాదు. పేరు ముందు ఒక నక్షత్రం పడుతుంది, అంతే. మామూలుగా చూస్తే కనబడదు గానీ డిస్కులో దాని చోటు దానిదే. ఇండెక్సులోనూ దాని పేరు అలాగే ఉంటుంది. ఇండెక్సు కొన్ని అరలుగా ఉంటుంది. ఒక అర నిండితే దాన్ని రెండు చేసి, ఉన్న పేర్లను చెరి సగం పంచుతుంది. అలా సగం సగం నిండిన అరలు పెరుగుతూ పోతాయి. ఏటా పోయేవాళ్లు, ఏటా వచ్చేవాళ్లు. మా ఇండెక్సులు అలా ఉబ్బుతూ వచ్చాయి. దానికి తోడు అతను ఏ అవసరం వచ్చినా ఒక కొత్త ఇండెక్సు కట్టేవాడు. ఊరు పేరుతో ఒకటి, తల్లి పేరుతో ఒకటి, పుట్టిన నెలతో ఒకటి. పనయ్యాక దేన్నీ తీసేవాడు కాదు.

ఆ రోజు పొద్దున పెద్దకడుబూరు పేర్లు ఎక్కించి అచ్చు తీసి సిస్టరమ్మకు ఇచ్చాను. తర్వాత ఆలూరు వైపు పేర్లు మొదలుపెట్టగానే డిస్కులో చోటు లేదని యంత్రం ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో హైదరాబాదు ఇంజనీరు ఫోనులో చెప్పి రాయించిన చీటీ గోడకు అంటించి ఉంది. ప్యాక్ అని కొట్టాలి. నక్షత్రాలున్న వరుసలన్నీ నిజంగా పోతాయి, చోటు వస్తుంది. చీటీలో ఉన్నది అంతే.

చీటీలో లేనిది నేను చేశాను. కొట్టే ముందు, పోబోయేవాటిని ఒకసారి తెర మీదికి రప్పించాను. అది తెలివితో చేసిన పని అని చెప్పుకోలేను. నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు అది. తాళం వేశాక మళ్లీ లాగి చూస్తాను. పాత చీర ఎవరికైనా ఇచ్చే ముందు మడతలు విప్పి దులుపుతాను. మా చిన్నోడి కాలి పట్టీ ఒకసారి చెత్తచేటలో దొరికింది మొదలు చెత్త కూడా కెలికి గానీ పారేయను. “నీ కోడలు కుప్పలో బంగారు ఏరుతాంది సూడు” అని పక్కింటామె మా అత్తను ఎగతాళి చేసేది.

ఆ వారంలోనే చిన్నోడికి సూది వేయించాం. రాత్రికి జ్వరం వచ్చింది. తొడ గట్టిపడి, వాడు ఊరికే ఉలిక్కిపడుతుంటే తడిబట్ట వేస్తూ కూర్చున్నాను. ఫిట్స్ వస్తుందేమో అన్న భయం. రాలేదు. అందుకే కాబోలు, అన్ని వరుసల మధ్య ఆ ఒక్క మాట నా కంటికి తగిలింది.

సిస్టరమ్మ మందుల గదిలో ఐసుపెట్టె సర్దుతోంది. వెళ్లి సంగతి చెప్పాను. ఆమె చేతిలోని సీసా అలాగే పట్టుకుని నిలబడింది.

“నేనొచ్చి ఏడాది కూడా కాలేదు తల్లీ. నాకంటే ముందామె రాసుంటాది. వాళ్లమ్మ నాతో ఏం చెప్పలేదే. బిడ్డెకు సూది పడిందా అంటే, ఏమో, గుర్తు లేదనె. కార్డు యాడ అంటే, సుగ్గిలో పోయె అనె.”

“ఈ రోజు వేస్తే?”

“మళ్లీ రావచ్చు. ఇంకా గట్టిగా రావచ్చు.” సీసా పెట్టెలో పెట్టి మూత వేసింది. “సరే, ఆ పాప సంగతి తెలిసింది గదా. పేరు పక్కన నేను పెన్నుతో రాసుకుంటా. అయిపోయె.”

అయిపోలేదని అప్పుడే నాకు తోచింది. ఆ ఊళ్లో సుగ్గికి పోయి వచ్చిన ఇళ్లు ఇంకెన్నో ఉన్నాయి. ఆ బిడ్డలందరి పాత వరుసలూ నక్షత్రాల కింద ఉన్నాయి. వాటిలో ఇంకెవరి పక్కన ఏముందో ఎవరికి తెలుసు? ఇద్దరం ఓపీ గదిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

డాక్టరమ్మ మాట మెత్తన, పని గట్టి. విన్నంతసేపూ ఒక బిడ్డ గొంతులోకి టార్చి వేసి చూస్తూనే ఉంది. ఆ తల్లిని పంపేసి నా వైపు తిరిగింది.

“ప్యాక్ చేయొద్దు. అంతే గదా?”

“చేయకపోతే చోటు లేదు మేడమ్. చోటు లేకపోతే పాతవాటినీ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి సరిచూడటానికి లేదు. కొత్త కాగితం అచ్చు తీయడానికి కూడా కొంచెం చోటు కావాలి.”

“మరి?”

“ఇండెక్సులు తీసేస్తాను.”

ఆమె కనుబొమలు పైకి లేచాయి. “అవి తీసేస్తే పేర్లు ఎట్ల దొరుకుతాయి? ఉన్నది కూడా పోతే ఏం చేస్తాం?”

మాటలు వెతుక్కోవలసి వచ్చింది. “ఇండెక్సులో బిడ్డలు లేరు మేడమ్. బిడ్డల దగ్గరికి దారి మాత్రమే ఉంది. పట్టిక ఉంటే దారి మళ్లీ వేసుకోవచ్చు. రిమార్కు పోతే అది ఇంకెక్కడా లేదు. వాళ్లమ్మకు కూడా గుర్తు లేదు.”

ఆమె టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది. “నీకు చేతనవుతుందా? భయపడుతున్నట్టున్నావే.”

“భయంగానే ఉంది. అందుకే ముందు రెండు పట్టికలూ ఫ్లాపీల మీదికి ఎక్కించి, అప్పుడు ముట్టుకుంటాను.”

“సరే, పో” అంది. మళ్లీ పిలిచింది. “అన్నం తిన్నావా?”

తినలేదు. తినే వీలు కూడా లేదు.

ఫ్లాపీలకు ఎక్కించేటప్పుడు ఆ డ్రైవు చేసే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గొంతులో ఏదో అడ్డం పడ్డ మనిషిలా గురగురలాడేది. ఒక ఫ్లాపీని చదవనని మొరాయించింది. తీసి చూస్తే అంచున దూదిపోగు. ఊది, చెంగుతో కాకుండా మెత్తటి బ్రష్షుతో తుడిచి, వేరే ఫ్లాపీ పెట్టాను. పట్టికలు రెండూ వాటి మీదికి చేరాక, ఆ ఫ్లాపీలను నా అన్నం డబ్బా సంచిలో నా పక్కనే పెట్టుకున్నాను. బీరువాలో పెట్టడానికి మనసు ఒప్పలేదు.

తర్వాత ఇండెక్సులను ఒక్కొక్కటీ చెరపడం మొదలుపెట్టాను. తల్లి పేరుది. పుట్టిన నెలది. ఎందుకు కట్టారో తెలియనివి. ప్రతి ఒక్కటీ చెరిపాక డిస్కులో ఖాళీ ఎంతుందో చూసేదాన్ని. అంకె పెరుగుతుంటే నాకు ఊపిరాడుతున్నట్టుండేది. చివర మిగిలింది పెద్దది, ఊరు, తండ్రి పేర్లది. రోజూ వాడేది. అదీ చెరిపాను. ఆ క్షణంలో మా దగ్గర అన్ని ఊళ్ల బిడ్డలూ ఉన్నారు, ఏ ఒక్కరి దగ్గరికీ నేరుగా పోయే దారి లేదు.

దాన్ని కొత్తగా కట్టమని కొట్టాను. యంత్రం పేర్లు లెక్కపెట్టుకుంటూ పోతోంది. సగం దారిలో కరెంటు పోయింది.

కూలర్ ఆగింది. ఫ్యాను ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. అది ఎంతసేపు మోస్తుందో నాకు నమ్మకం లేదు. తెర మీద అంకె కదులుతూనే ఉంది. దుప్పటితో విసిరితే యంత్రానికి ఏమైనా ఉపయోగమా అన్నంత పిచ్చి ఆలోచన వచ్చింది. చాచా గుమ్మంలోకి వచ్చి తొంగి చూశాడు.

“ఏంటికి అట్ల మొత్తుకుంటాంది బేటీ? ఆకలా?”

“కరెంటు పోయింది చాచా. ఇది ఆగిపోతే మళ్లీ మొదటినుంచీ చేయాల.”

“అట్లయితే జీపు కూడా ఆగుతాది లే. నాకు ఇంజను సతాయిస్తాందని సెప్తా.” తలుపుకు ఆనుకుని బీడీ తీసి, గది చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “నా జీపు గూడ ఇంతే. దూరం పోవాలనుకున్న దినమే మొరాయిస్తాది. మెల్లగ మాట్లాడాల దాంతో.”

ఆయన జీపుతో నిజంగానే మాట్లాడతాడు. నేను ఆ రోజు ఆ యంత్రంతో మాట్లాడానో లేదో చెప్పను.

అంకె ఆగింది. కొత్త ఇండెక్సు కట్టడం పూర్తయింది. ఆ వెంటనే కరెంటు కూడా వచ్చింది. దాని కొలత చూసి నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పాతదానిలో సగమే ఉంది. అవే పేర్లు, నక్షత్రాలతో సహా. ఆ ఉబ్బంతా సగం సగం అరలదే.

ఊరూ తండ్రి పేర్ల వరసలో తెరిచేసరికి పెద్దకడుబూరు పిల్లలు పక్కపక్కన వచ్చి నిలబడ్డారు. ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే బిడ్డ. ఒకటి నక్షత్రంతో, ఒకటి లేకుండా. కొందరికి రెండేసి నక్షత్రాలు. రెండు సుగ్గులు పోయి వచ్చినవాళ్లు. నక్షత్రం వేసినదాన్ని వెనక్కి పిలిచే మాట ఒకటుంది, రీకాల్ అని. కోర్సులో చెప్పారు గానీ అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. ఒక్కొక్క బిడ్డ దగ్గరా ఆగి, పాత వరుసను వెనక్కి పిలిచి, పొద్దున నేను ఎక్కించిన ఖాళీ వరుస మీద నక్షత్రం పెట్టాను. పాత నంబరు రాగానే రెండో పట్టికలో దిక్కులేకుండా పడి ఉన్న సూదులు వచ్చి ఆ బిడ్డ పక్కన చేరాయి. మొదటి సూది అని పొద్దున అచ్చయిన బిడ్డల్లో కొందరికి అది మూడోది. రిమార్కు ఉన్న బిడ్డ మాత్రం ఆ పాప ఒక్కతే. అది చూసి కుర్చీలో వెనక్కి వాలాను.

అదంతా అయ్యాక ప్రింటరు ఆడింది. సిస్టరమ్మ నా వెనకే నిలబడి కాగితాన్ని అంచునుంచి చింపుకుని, పాతదాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

“నేనూ జీపులో వస్తాను” అన్నాను.

“ఏంటికి? నా మీద నమ్మకం ల్యాదా?”

“నా మీదే లేదు సిస్టర్.”

ఆమె నవ్వింది. “ఎక్కు. ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకోవాల మరి.”

పెద్దకడుబూరు చేరేసరికి ఎండ తగ్గింది. ఊళ్లో అడుగుపెట్టినప్పుడు ఒక సందులో కొన్ని ఇళ్ల గుమ్మాలకు తుమ్మకంపలు అడ్డం పెట్టి ఉండటం చూశాను. ఇంకా తిరిగిరానివాళ్ల ఇళ్లు. ఎప్పుడూ చూసేవే.

ఆ పాప తల్లి చివర వచ్చింది. కూలినుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు ఎర్రమట్టి. చంకలో పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని సిస్టరమ్మ తెల్లచీరను అనుమానంగా చూస్తోంది. మెడలో నల్లదారానికి తాయెత్తు.

సిస్టరమ్మ కాగితం చూసి, ఏమీ తెలియనట్టే అడిగింది. “ఈ తాయెత్తు యాడ కట్టించినారమ్మా?”

“ఆదోని దర్గాలో. గాలి సోకినాదంటే మా అత్త తీస్కపోయి కట్టించె.”

“గాలి ఎప్పుడు సోకె?”

“సుగ్గికి పోయే ముందర. కండ్లు తేలేసి, కాల్లు సేతులు కొట్టుకునె. నా పానం పాయె అనుకో.”

“దానికి ముందర సూది ఏమన్నా ఏయించింటిరా?”

ఆమె ఆలోచించింది. “ఏయించింటిమి. ఆ దినమే. బడికాడనే. ఒళ్లంతా జరమొచ్చి, మాపటికి గాలి సోకె.” అంటూనే ఆగిపోయింది. సూది వైపు, సిస్టరమ్మ వైపు, మళ్లీ పాప వైపు చూసింది. పాపను ఇంకాస్త పైకి ఎత్తుకుంది. “ఆ సూదికేనా?”

“కావచ్చు. అందుకే అది వేయం. ఇంకోటి ఉండాది. దాంట్లో మూడు మందులుంటే దీంట్లో రెండే, గాలి తెచ్చే మందు ఉండదు. డాక్టరమ్మ సెప్పి పంపించె. భయపడొద్దు.”

“మాకే తెల్వంది మీకెట్ల తెలిసె?”

సిస్టరమ్మ నన్ను చూపించింది. “ఆమె డబ్బాలో ఉండాది.”

ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసింది. “పోయినసారి పేరు కొట్టేస్తిమని సెప్పినారే, మీరు ఊర్లో ఉండరు అని?”

“కొట్టేసినా లోపల అట్లనే ఉండాది” అన్నాను.

“ఉండకేం సేస్తాది. యాడికి పోతాం మేము?” ఆమె గొంతులో కోపం లేదు, కొంచెం దెప్పుడు ఉంది. “ఇంటికి కంప పెట్టి పోయింటిమి గదా. రానోళ్లు కంప ఏంటికి పెడతారు? గొర్లు దూరకుండ, కుక్కలు దూరకుండ, మా ఇల్లు మాకుండాలనే గదా పెట్టేది.”

“ఈ అక్కకు తెల్వదులే” అని వెనకనుంచి ఎవరో ముసలామె అంది. “ఎమ్మిగనూరోళ్లు తాళాలేస్తారు.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సిస్టరమ్మ రెండో సీసాలోంచి మందు తీసింది. పాప ఒక్క క్షణం ఆలోచించి, ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆరోగ్యమైన ఏడుపు. వరండా చివర కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఏడుపు మాని, నా సంచిలోంచి బయటికి కనబడుతున్న ఫ్లాపీ అట్ట కోసం చెయ్యి చాచింది. అది తప్ప ఇంకేదైనా ఇచ్చేదాన్నే. నా గాజు ఒకటి తీసి ఇచ్చాను. నోట్లో పెట్టుకుంది.

చీకటి పడకముందే చాచా నన్ను ఎమ్మిగనూరు బస్సు ఆగే చోట దింపాడు. దారిలో ఆ సందు మళ్లీ వచ్చింది. కంపలు పెట్టిన గుమ్మాలను ఈసారి జీపు దాటిపోయేదాకా మెడ తిప్పి చూశాను. నా తెర మీద నక్షత్రాలు అలాంటివే అనిపించింది. ఇల్లుగలవాళ్లు తిరిగొచ్చి తీసుకోవాలని పెట్టుకున్న గుర్తును మేము ఇల్లు పడిపోయిందని చదివాం. సుగ్గికి పోయిన బిడ్డకు డిలీట్ వద్దనీ, ఊళ్లో లేదని తెలిసేలా ఒక చిన్న గడి పెడితే చాలనీ, తిరిగొస్తే ఆ గడిలో అక్షరం మార్చుకోవచ్చనీ బస్సులోనే అనుకున్నాను. అలా చేస్తే ఇండెక్సు కూడా ఇంత ఉబ్బదు. డాక్టరమ్మ తర్వాత దానికి ఒప్పుకుంది. పై వాళ్లు అడిగితే తాను చెప్పుకుంటానంది. అన్ని ఊళ్ల పేర్లూ సరిచూసిన తర్వాతే ప్యాక్ కొట్టాం.

ఇంటికి చేరేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. “బస్సు సెడిపోయెనా? మనిషి సెడిపోయెనా?” అంది. నా ముఖం చూసి వంటింట్లోకి నడిచింది. జొన్నరొట్టె, పప్పు పెట్టింది. చిన్నోడు నిద్రలోనే నా వాసన పట్టి ఒళ్లోకి పాకాడు. వాడి తొడ మీద గట్టిదనం ఇంకా కొంచెం ఉంది. నిమురుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మా పెద్దపిల్లకు జడ వేస్తుంటే బడి సంగతులు చెప్పింది. అప్పటికి అది ఒకటో తరగతి. చాప మీద దాని పక్కన కూర్చునే స్నేహితురాలు సంక్రాంతికి ముందే అమ్మానాన్నలతో సుగ్గికి పోయింది. ఆ పిల్లది గోడవార చోటు. వీపు ఆనించుకోవచ్చు కాబట్టి అందరికీ దాని మీదే కన్ను.

“ఇప్పుడు నేనే కూర్చుంటాండా ఆడ” అంది గర్వంగా. “టీచరు ఆ పిల్ల పేరు కూడా కొట్టేసె. ఇంక రాదంట.”

నా చేతిలో జడ ఆగింది. “ఎవరు చెప్పినారు రాదని?”

“అందరూ.”

“వాళ్లింటికి కంప పెట్టి ఉందా?”

అది ఆలోచించింది. చిన్నోడు దాని కంటే ముందు చెప్పాడు, రోజూ అత్త చంకలో ఆ వీధినుంచే పోతాడు కాబట్టి. “ఉండాది. పేద్ద ముల్లు.”

“అయితే వస్తుంది” అన్నాను. ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాను. ఆదోని సంగతి ఏమీ చెప్పలేదు. ఫిట్స్ అన్న మాట వాళ్ల ముందు అనడం నాకు ఇష్టం లేదు. “గోడవార నువ్వు కూర్చో, తప్పు లేదు. ఊరికే ఖాళీగా ఎందుకు ఉండాలి? కానీ అది ఆ పిల్ల చోటని గుర్తు పెట్టుకో. మీ టీచరు మర్చిపోయినా నువ్వు మర్చిపోవద్దు. ఆ పిల్ల వచ్చిన రోజు ఎవరూ అడగకముందే నువ్వే జరుగు.”

“నాకు?” అన్నాడు చిన్నోడు, తనకు కూడా ఏదో ఒకటి చెప్పాలన్నట్టు.

“నువ్వు ఆ వీధిలో పోయేటప్పుడు రోజూ చూడు. ముల్లు తీసేసిన రోజు వచ్చి అక్కకు చెప్పు.”